గెంతే పురుగు, ఇల్లాలి మీద నింద

కిందటి వానాకాలం మా ఇంట్లో అందరికీ చీలమండల దగ్గర ఎర్రటి దద్దుర్లు. దోమలనుకున్నాం. మా టామీ రాత్రంతా గోక్కుంటుంటే బొచ్చు విడదీసి చూశాను. నువ్వుగింజ పాటి గోధుమరంగు పురుగులు, వేలు పెడితే చటుక్కున గెంతి మాయం! మా వైపు కుక్క మీద ఉండేవాటన్నిటినీ గోమార్లనే అంటాం. కానీ గోమారి కరుచుకుని కదలదు. ఈ గెంతేవి ఫ్లీలని పశువుల డాక్టరుగారు చెప్పారు.

పండక్కి వచ్చిన మా ఆడపడుచు మాత్రం, "ఇల్లు సరిగ్గా తుడుస్తున్నావా వదినా?" అంది. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఆ ఉక్రోషంతోనే ఈ పురుగు చరిత్ర వెతికి చదివాను. ఇలాంటి నింద ఒకప్పుడు ఊళ్లకు ఊళ్లే మోశాయని అప్పుడు తెలిసింది.

1896లో బొంబాయిలో ప్లేగు మొదలైంది. ఆ రోగం తెచ్చే సూక్ష్మజీవిని అప్పటికి రెండేళ్ల కిందటే హాంకాంగ్‌లో కనిపెట్టారు. అది మనిషికి ఎలా చేరుతోందో మాత్రం తేలలేదు. ఇళ్లలో మురికే కారణమని ప్రభుత్వం గట్టిగా నమ్మింది. 1897లో పూనాలో సైనికులు ఇళ్లలోకి చొరబడ్డారు. సామాన్లు బయటపడేసి తగలబెట్టారు, పరీక్షల పేరుతో ఆడవాళ్లను అవమానించారు. ఆ మార్చి 10న, రోగులకు సేవ చేస్తూ తనకూ ప్లేగు సోకి, సావిత్రీబాయి ఫూలే కన్నుమూశారు. జూన్‌లో చాపేకర్ సోదరులు ప్లేగు అధికారి రాండ్‌ను కాల్చారు. ఇంత జరుగుతున్నా అసలు దొంగ మీద ఎవరి చూపూ పెద్దగా పడలేదు.

మన జనానికి మాత్రం ఒక సంగతి ముందే తెలుసు. కుమావూ కొండల్లో ఇంట్లో ఎలుకలు చచ్చిపడితే ఊరొదిలి వెళ్లిపోయేవారు.

పాల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచి డాక్టరు రోగుల కాళ్ల మీద చిన్న చిన్న పొక్కులు చూశాడు. పురుగు కుట్టిన చోట్లా ఇవి అని అనుమానించాడు. 1898 జూన్‌లో కరాచీలో ప్లేగు తగిలిన ఎలుకను గాజు జాడీలో పెట్టాడు. పురుగులు చాలవని ఒక పిల్లి ఒంటి మీద నుంచి కొన్ని తెచ్చి వేశాడు! అది చచ్చే ముందు, ఆరోగ్యంగా ఉన్న మరో ఎలుకను చిన్న వల పంజరంలో పెట్టి అదే జాడీలో వేలాడదీశాడు. రెండూ తాకే వీలు లేదు. అయినా కొద్దిరోజుల్లో రెండోదీ ప్లేగుతో చచ్చిపోయింది. చల్లబడిన ఎలుకను వదిలి పురుగులు గెంతి వెళ్లాయి. ఆయన మాట చాలామంది నమ్మలేదు. 1905 తర్వాత బొంబాయిలో ప్లేగు కమిషన్ చేసిన పరీక్షలతో గానీ అది స్థిరపడలేదు.

కంగారు పడకండి. మన కుక్కల మీద ఎక్కువగా ఉండేది ఎలుకల పురుగు కాదు, పిల్లి ఫ్లీ అనే వేరే జాతి. ఆ జాడీ నేర్పిన పాఠం మాత్రం మనకీ పనికొస్తుంది: పురుగు ఒంటి మీదే ఉండిపోదు. తల్లి పురుగు రోజుకు పదుల కొద్దీ గుడ్లు పెడుతుంది. అవి జారి పరుపుల్లో, సోఫా సందుల్లో, కార్పెట్‌లో పడతాయి. పిల్లపురుగు గూడు కట్టుకున్నాక మందు కూడా సరిగ్గా ఎక్కదు. నెలల తరబడి అలాగే ఉండి, అడుగుల అదురు, ఒంటి వెచ్చదనం తగలగానే బయటికొస్తుంది. తాళం వేసిన ఇల్లు తెరవగానే కుట్టేది అందుకే.

కాబట్టి కుక్కకు స్నానం చేయించి ఊరుకుంటే చాలదు. దువ్వినప్పుడు రాలిన నల్లటి నలుసుల్ని తడి తెల్లకాగితం మీద వేయండి. ఎర్రగా మారితే ఫ్లీలున్నట్టే. ఇంట్లో ఉన్న జంతువులన్నిటికీ డాక్టరు చెప్పిన మందు నెలనెలా వేయాలి. వాటి పక్కబట్టలు వారానికోసారి బాగా వేడి నీళ్లలో ఉతకాలి. మూలమూలలా వాక్యూమ్ పెట్టి, ఆ దుమ్ము వెంటనే బయటపడేయాలి. కనీసం మూడు నెలలు విసుగు పడకూడదు.

మొన్న మా ఆడపడుచు ఫోన్ చేసింది, వాళ్ల పిల్లికీ ఇవే పట్టాయట. కుక్కల మందు పిల్లికి వేయొద్దని, కొన్ని మందులు వాటి ప్రాణం తీస్తాయని ముందు చెప్పాను. తర్వాత ఈ కథంతా చెప్పాను. ఇల్లు తుడుస్తున్నావా అని మాత్రం అడగలేదు.