కుహరప్రవాహము

కుహరప్రవాహము: ద్రవముల గమనమును గణించు కంప్యూటరు ప్రోగ్రాముల సత్యాసత్యములను తేల్చుటకు వాడుకలోనున్న ప్రమాణసమస్యలలో మిక్కిలి ప్రసిద్ధమైనది. ద్రవము నిండిన చతురస్ర కుహరమునందు మూడు గోడలు నిశ్చలములై యుండగా, పైమూత మాత్రము సమవేగముతో ఒక దిక్కునకు జరుగుచుండును. స్నిగ్ధతవలన ఆ మూత తన్నంటియున్న ద్రవమును ఈడ్చుకొనిపోవుటచే నడుమ నొక పెద్దసుడియు, అడుగుమూలలయందు దానికి విరుద్ధముగా తిరుగు చిన్నసుడులును ఏర్పడును. రూపమింత సరళమైనను, ద్రవగమనమును నిర్దేశించు నేవియర్-స్టోక్స్ సమీకరణములకు ఇచ్చట సూత్రరూపమైన సంపూర్ణసాధన లభింపలేదు. కావున ఒకరి గణనకు మరియొకరి గణనయే ఒరగల్లు కావలసివచ్చినది.

చరిత్ర: 1961లో జపాను శాస్త్రజ్ఞుడు కవగుటి ఈ ప్రవాహమును స్వల్ప రేనాల్డ్స్ సంఖ్యలకు (స్నిగ్ధబలముతో పోల్చిన జడత్వబలపు నిష్పత్తికి ఈ పేరు) గణించెను. 1966లో బర్‌గ్రాఫ్ ఆ సంఖ్యను 400 వరకు కొనిపోయి, సుడిగర్భమున భ్రమణము ఏకరీతిగా నుండునన్న బాచిలర్ సిద్ధాంతమును (1956) పరిశీలించెను. 1982లో అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయమునకు చెందిన ఘియా దంపతులు, షిన్ అను సహకారితో గూడి, బహుజాలక పద్ధతిచే, 257×257 బిందువుల వరకు గల జాలకములపై, 100 మొదలు 10,000 వరకు గల రేనాల్డ్స్ సంఖ్యలకు ఫలితములను ప్రకటించిరి. రేఖాచిత్రములతో తృప్తినొందక, మధ్యరేఖలపై వేగములను, సుడుల కేంద్రస్థానములను అంకెలలో పట్టికలుగా నిచ్చుటచే, తదనంతర పరిశోధకులెల్లరు తమ గణనను వాటి ప్రక్కన నిలిపి చూచుకొనుట ఆచారమయ్యెను.

అయితే ప్రమాణమును పరీక్షకు అతీతము కాదు. జరుగు మూతయు కదలని గోడయు కలియు పైమూలలయందు వేగము ఒక్కుమ్మడి మారుటచే భ్రమణము అనంతమగును. 1998లో బొతెల్లా, పేరే అనువారలు ఈ దోషభాగమును విశ్లేషణచే వేరుపరచి, మిగిలినదానిని చెబిషేవ్ బహుపదులతో సాధించిరి. రేనాల్డ్స్ సంఖ్య 1,000 వద్ద నిలువు మధ్యరేఖపై తిరోగమనవేగపు గరిష్ఠపరిమాణము, మూతవేగమును 1గా గొన్నచో, 0.38857గా తేలెను, 1982 నాటి పట్టికలో అది 0.38289. ఈ భేదము సుమారు ఒకటిన్నర శాతము. మరియు రేనాల్డ్స్ సంఖ్య సుమారు 8,000 దాటిన పిమ్మట స్థిరప్రవాహము అస్థిరమై డోలనము నొందునని తరువాతి పరిశోధనలు చూపుటచే, 10,000 వద్ద కాలానుగత గణన పాతపట్టికతో సరిపడకుండుట ప్రోగ్రాము దోషమే కానక్కరలేదు.

ప్రయోజనము: కావున జాలకమును క్రమముగా సూక్ష్మము చేయుచు, ఫలితము ఏ విలువయొద్ద నిలుచునో చూచిన పిమ్మటనే పట్టికతో పోల్చుట ఉత్తమము. ఆ పోలిక సమీకరణములు సరిగా సాధింపబడినవని మాత్రమే చెప్పును. అవి ప్రకృతికి సరిపడునా యనుదానికి ప్రయోగమే సాక్షి.