అమృతాంజనం సీసా, నా రాజీనామా ఉత్తరం

మా టీములో శుక్రవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర చర్చ ఎప్పుడూ ఒకటే. "ఎన్నాళ్ళీ గొడ్డుచాకిరీ, సొంతంగా ఏదో ఒకటి పెట్టేద్దాం బాసూ!" టీ చల్లారేలోపు కంపెనీ పేరు, లోగో, ఎవరి వాటా ఎంత అన్నీ తేలిపోతాయి. ఒక్క ప్రశ్న దగ్గరే బండి ఆగిపోతుంది: ఉద్యోగం మానేసి దిగాలా, చేస్తూనే మొదలెట్టాలా? ధైర్యం ఉన్నవాడు మానేస్తాడు, లేనివాడు మనలా కబుర్లు చెప్తాడు అని తీర్మానించుకుని ఎవడి సీట్లోకి వాడు పోతాం.

నేనూ అదే నమ్మాను. నా డ్రాఫ్ట్స్ ఫోల్డర్లో ఒక రాజీనామా ఉత్తరం పది నెలలుగా మగ్గుతోంది. దాన్ని పంపే ధైర్యమే నాకు తక్కువ, మిగతావన్నీ ఉన్నాయి అనుకునేవాణ్ణి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి గురించి చదివాక ఈ లెక్క తప్పేమో అని అనుమానం పట్టుకుంది.

ఆయన పేరు చెప్తే మనకి ఆంధ్రపత్రిక, భారతి, దేశోద్ధారక బిరుదు గుర్తొస్తాయి. వీటన్నిటికంటే ముందు ఆయన తలనొప్పి మందు అమ్ముకున్న మనిషి. 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టారు. బందరులో చదువుకుని, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో పట్టా పుచ్చుకున్నారు. ఆ రోజుల్లో పట్టా ఉంటే సర్కారు కొలువు దొరికినట్టే. ఈయన మాత్రం కలకత్తా పోయి ఒక మందుల కంపెనీలో చేరారు. మందుల తయారీ గుట్టుమట్లు తెలిసింది అక్కడే. ఆ తర్వాత బొంబాయిలో ఇంకో కంపెనీ. 1893లో సొంతంగా అమృతాంజనం మొదలుపెట్టారు. వయసు ఇరవయ్యారు, అంటే నాకంటే రెండేళ్ళు చిన్న!

ఇక్కడిదాకా చదివి "అదిగో, ధైర్యం" అనుకున్నాను. అసలు విషయం ఆ తర్వాత ఉంది. ఊరు కాని ఊరు, భాష కాని భాష. తెలుగాయన కలిపిన పసుపుపచ్చ లేపనాన్ని ఎవరు కొంటారు? పంతులుగారు బొంబాయిలో సంగీత కచేరీలు జరిగే చోట్లకి వెళ్ళి దాన్ని ఊరికే పంచిపెట్టారు. ఒక్కసారి ఊహించుకోండి. కచేరీ వినడానికొచ్చిన పెద్దమనుషుల దగ్గరికి ముక్కూమొహం తెలీనివాడొకడొచ్చి "ఇది నుదుటికి రాసుకు చూడండి" అంటాడు. తీసుకున్నవాళ్ళు ఉంటారు, ఎగాదిగా చూసి పక్కకి జరిగినవాళ్ళూ ఉండే ఉంటారు. మళ్ళీ ఇంకో కచేరీకి వెళ్ళాలి. మనవాళ్ళలో ఈ పని ఎంతమంది చెయ్యగలరు? సేల్స్ వాళ్ళని చూసి కిసుక్కున నవ్వే జాతి మనది.

(అన్నట్టు ఆ పేరు చూడండి. అమృతం, అంజనం. మరాఠీవాడికీ, గుజరాతీవాడికీ, తమిళుడికీ అనువాదం అక్కర్లేదు. మనం ప్రాజెక్టులకి గ్రీకు దేవతల పేర్లు పెట్టుకుంటాం!)

సీసా పది అణాలకి అమ్మారు. అమ్మకాలు పెరిగి లక్షాధికారయ్యారు. 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రిక వారపత్రికగా పెట్టి, 1914లో మద్రాసు నుంచి దినపత్రిక చేశారు, 1924లో భారతి. ఈ ఖర్చులకి దన్ను ఆ పసుపు సీసానే. 1936లో అమృతాంజనం లిమిటెడ్ కంపెనీ అయింది. రెండేళ్ళకి పంతులుగారు పోయారు.

ఇప్పుడు ఇంకో ఆయన. పంతులుగారు వదిలొచ్చిన కలకత్తాలోనే ప్రఫుల్ల చంద్ర రే 1892లో బెంగాల్ కెమికల్స్‌కి బీజం వేశాడు. పెట్టుబడి సుమారు 700 రూపాయలు, అద్దె ఇల్లు. ఈయన ఉద్యోగం మానలేదు! ఎడింబరోలో డాక్టరేటు చేసి, ప్రెసిడెన్సీ కాలేజీలో 1916 దాకా పాఠాలు చెప్తూనే ఉన్నాడు. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి మందుల పని మొదలెట్టేవాడు. ఫాస్ఫేటు కోసం పశువుల ఎముకలు తెచ్చి డాబా మీద ఎండబెడితే వాన పడి కుళ్ళి, కాకులు చేరి, ఇరుగుపొరుగు గోల గోల. (మన రాత్రిపూట డిప్లాయ్‌మెంటు ఎంత సుఖమో!) మందుల షాపులవాళ్ళేమో సీమ సరుకు ఉండగా ఇదెవరు కొంటారన్నారు. అప్పుడు డాక్టరు స్నేహితుడు అమూల్య చరణ్ బోస్ తోటి డాక్టర్లకి నచ్చచెప్పి వాటిని రాయించాడు. 1901లో అదీ లిమిటెడ్ కంపెనీ అయింది.

ఒకాయన మానేశాడు, ఒకాయన మానలేదు, ఇద్దరివీ నిలబడ్డాయి. అంటే మేం ప్రతి శుక్రవారం కొట్టుకు చస్తున్న ప్రశ్నకి అంత విలువ లేదన్నమాట. ఇద్దరిలోనూ నాకు కనిపించింది ఒకటే. సరుకు పట్టుకుని కొనేవాడి ముందు నిలబడ్డారు (రేకి ఆ పని స్నేహితుడు చేసిపెట్టాడు), కాదన్నా మళ్ళీ వెళ్ళారు.

ఇక నా సంగతి. రెండేళ్ళ కిందట మా వీధి చివర మందుల షాపాయనకి బిల్లింగు సాఫ్ట్‌వేరు రాసిచ్చాను. గడువు దగ్గరపడ్డ మందుల్ని ముందే చూపిస్తుంది. నాలుగు వారాంతాల పని. "ఎంతివ్వమంటావు బాబూ?" అని ఆయనే అడిగారు. నేను మెలికలు తిరిగిపోయి "భలేవారే, తర్వాత చూద్దాం లెండి" అన్నాను. ఆ తర్వాత అనేది ఇంతవరకూ రాలేదు. ప్రింటరు ఆగితే రాత్రి పదింటికి ఫోన్ మాత్రం వస్తుంది. తప్పు ఆయనది కాదు. పంతులుగారూ ఊరికే ఇచ్చారు, నేనూ ఊరికే ఇచ్చాను కదా అని మొదట సర్దిచెప్పుకోబోయాను. కానీ ఆయన రేపు కొంటారని ఇచ్చారు. నేను రేటు చెప్తే "అంతా?" అంటారేమోనని భయపడి ఇచ్చాను.

మొన్న ఆయన మళ్ళీ ఫోన్ చేశారు. గుడివాడలో వాళ్ళ బావమరిది షాపుకీ అలాంటిదే కావాలట. "అదీ మన పద్ధతిలోనేగా?" అని నవ్వారు. శనివారం వస్తానని చెప్పాను. రేటు కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాను, నోరు పెగలకపోతే కాగితమైనా చేతికివ్వొచ్చని. రాజీనామా ఉత్తరం డ్రాఫ్ట్స్‌లోనే ఉంది, దాని జోలికి ఇప్పట్లో పోను.