తలుపు తాగిన వాన

విజయవాడ ఆటోనగర్‌లో ఉన్నాం. రాత్రి కురిసిన వాన ఇంకా రోడ్డు గుంతల్లోనే ఉంది, దాని మీద డీజిలు రంగులు తేలుతున్నాయి. ఒక పక్క లారీ బాడీ మీద సుత్తి మోత, ఇంకో పక్క వెల్డింగు మెరుపులు. రేకుల షెడ్డు కింద బూడిదరంగు చిన్న కారు ఆగి ఉంది. మడిచిన గొడుగుతో రిటైరైన లెక్కల మాస్టారొకాయన దాని పక్కనే నిలబడ్డారు.

మేస్త్రీ ఎడమవైపు ముందు తలుపు తీశాడు. తడిసి మూలన పడేసిన గోనెసంచి వాసన గుప్పున కొట్టింది. రబ్బరు మ్యాటు ఎత్తి, కింద పరిచిన కార్పెట్‌ను బొటనవేలితో నొక్కాడు. వేలి చుట్టూ నీళ్లు ఊరాయి.

"బీడింగు పోయిందంటున్నారయ్యా అందరూ. నాలుగు తలుపులకీ కొత్త రబ్బర్లు వేసెయ్" అన్నారు మాస్టారు.

"వేద్దాం లెండి మాస్టారూ. ముందు నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో తేలాలి కదా. ఏసీ వేసినప్పుడు వస్తున్నాయా, వాన పడ్డప్పుడా?"

ఊరికే అడగలేదు. చాలా కార్లలో ఏసీ నీళ్ల గొట్టం డాష్‌బోర్డు వెనక ఎడమ పక్కనే కిందికి దిగుతుంది. అది పూడుకుపోతే మండుటెండలో కూడా ఇదే మ్యాటు తడుస్తుంది. కాకపోతే ఆ నీళ్లు తేటగా ఉంటాయి. మేస్త్రీ తన వేలు చూసుకున్నాడు. సన్నటి మట్టి అంటుకుంది.

"వాన పడ్డ మర్నాడే. ఎండరోజుల్లో చుక్క ఉండదు."

"బండి సెకండ్‌హ్యాండేనా?"

మాస్టారు తలూపారు. మేస్త్రీ సీటు బెల్టును చివరిదాకా లాగాడు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్‌ను ముంచిన తర్వాత, ఈ ఊళ్లో పాత కారు చూస్తే ముందు బెల్టు లాగి చూడాల్సిందే. సీట్లు కడగొచ్చు, సెంటు కొట్టొచ్చు. బెల్టు చుట్టలో లోపలి మడతల్లో దిగిన బురద చార మాత్రం అంత తేలిగ్గా పోదు. ఇక్కడ చివరిదాకా శుభ్రంగానే ఉంది. మునిగిన బండి కాదు.

ఇప్పుడు జేబులోంచి సుద్దముక్క తీశాడు. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మీద దాన్ని గట్టిగా రుద్ది, తలుపు వేసి, మళ్లీ తీశాడు. రబ్బరు నొక్కుకున్నంత మేరా ఎదురుగా తెల్లటి గీత పడింది. కిందా ముందూ చక్కగా చిక్కగా ఉంది. పైన వెనక మూలకొచ్చేసరికి పలచబడింది. అక్కడ న్యూస్‌పేపరు ముక్క పెట్టి తలుపు వేసి లాగితే పట్టులేకుండా వచ్చేసింది. అదే కాగితం కింద పెడితే చిరిగింది.

"ఇదిగో, దొరికిపోయింది. రబ్బరే!" మాస్టారి గొంతులో గెలుపు.

"రబ్బరు మెత్తగానే ఉందండి. తలుపే సరిగ్గా కూర్చోవడం లేదు." లాకు పట్టుకునే హుక్కు చుట్టూ పెన్సిలుతో గీసుకుని, స్క్రూలు వదులు చేసి, దాన్ని ఒక్క నూలు లోపలికి జరిపి బిగించాడు. మళ్లీ సుద్ద రుద్దాడు. ఈసారి మూలన కూడా గీత చిక్కగా దిగింది. అయినా మేస్త్రీ మొహం విప్పారలేదు. పై మూల నుంచి కారితే సీటు అంచు మీద మరక పడాలి. సీటు పొడిగా ఉంది, నేల మాత్రం నానిపోయింది.

"మీరు లోపల కూర్చుని ఫోను లైటు పట్టుకోండి" అని మనల్ని కారులోకి పంపాడు.

తలుపులు పడ్డాయి. కుర్రాడు పైపు విప్పాడు. ప్రెషర్ గన్ పెట్టలేదు, వాన ధారంత నెమ్మదిగానే వదులుతున్నాడు. పై నుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిటినీ తడుపుకుంటూ దిగి, ఏ సందు తప్పో తేలనివ్వవు. అందుకే ముందు గడప దగ్గర పోశాడు. లోపల ఏమీ లేదు. మెల్లగా పైకొచ్చి అద్దం కింది అంచు దగ్గర ఆపాడు. నీళ్లు తలుపు రేకు లోపలికి జారుతున్న చప్పుడు మోకాలి పక్కనే వినిపిస్తోంది. ఇంకా ఏమీ లేదు. చూస్తుండగానే, తలుపు లోపలి అట్ట కింది అంచున ఒక బొట్టు మెరిసింది. దాని వెనక ఇంకోటి. రెండూ కలిసి గడప మీదికి జారి కార్పెట్ కిందికి దూరాయి.

"వస్తోంది, వస్తోంది!"

మేస్త్రీ తలుపు తీసి వేలితో చూపించాడు. చుట్టూ ఉన్న రబ్బరు బయటి అంచు తడిసింది, లోపలి అంచు పొడిగా ఉంది. రబ్బరు దాటి ఒక్క చుక్క రాలేదు. నీళ్లు తలుపు కడుపులోంచి వస్తున్నాయి.

"అద్దం పైకీ కిందికీ తిరగాలంటే దాని పక్కన సందు ఉండాలి కదండీ. తుడిచే రబ్బరు ఉంటుంది గానీ, జడివానని పూర్తిగా ఆపదు. ఏ తలుపులోకైనా నీళ్లు వెళ్తాయి. కింద రంధ్రాల్లోంచి బయటికి పోవాలి, అంతే."

రెండు చేతులతో తలుపును ఊపాడు. లోపల గుడగుడమంది. కుర్రాడు నేలకు ఆనుకుని కూర్చుని, తలుపు కింది అంచున ఉన్న రంధ్రంలో ప్లాస్టిక్ పుల్ల పెట్టి తిప్పాడు. స్క్రూడ్రైవరు పెడితే రంగు గీరుకుపోయి, అక్కడే తుప్పు మొదలవుతుంది. కాస్త మట్టీ, కుళ్లిన వేపాకూ రాలాయి. ఆ వెంటనే మట్టినీళ్లు చిమ్మి వాడి చొక్కా తడిసింది. వాడు నవ్వుతూనే రెండో రంధ్రం పట్టాడు.

లోపలి అట్ట ఊడదీస్తే మిగిలిన కథ కూడా బయటపడింది. రేకుకీ అట్టకీ మధ్య నల్లబంక పట్టీతో అతికించిన పల్చటి షీటు ఉంటుంది. తలుపులోకి దిగిన నీళ్లు ఇటు రాకుండా ఆపేది అదే. ఇక్కడ అది కింద చిరిగి ఉంది. దానికి వేసిన ప్యాకింగ్ టేపు తడికి ఊడి వేలాడుతోంది.

"పవర్ విండో మోటారు మార్పించారా మాస్టారూ?"

"పోయినేడు. అక్కడెక్కడో."

మేస్త్రీ ఏమీ అనలేదు. పాత బంక గీకి, మందపాటి షీటు కత్తిరించి, బ్యూటైల్ టేపు చుట్టూ ఎక్కడా తెగకుండా అతికించాడు. కింది అంచు తలుపు లోపలికి మడిచాడు, చెమర్చినా నీళ్లు అటే జారాలని. "కొందరు నీళ్లొస్తున్నాయని ఆ రంధ్రాలకే సిలికాన్ పూసేస్తారు. అప్పుడు తలుపే తొట్టి అయిపోతుంది, లోపల్నుంచి తుప్పు తినేస్తుంది" అంటూ పట్టీని బొటనవేలితో ఒత్తుతున్నాడు.

మాస్టారు గ్రీజు డబ్బా వైపు చూశారు. "మరి రబ్బరుకి కాస్త అది రాస్తే?"

"వద్దండీ, ఉబ్బిపోతుంది." తలుపు రబ్బరు ఎక్కువగా ఈపీడీఎం. ఎండకీ వానకీ బాగా తట్టుకుంటుంది గానీ పెట్రోలియం నూనెలకి ఆగదు. సబ్బునీళ్లతో తుడిచి, ఆరాక పల్చగా సిలికాన్ గ్రీజు రాస్తే చాలు.

"రేపు గుడివాడలో పెళ్లుందయ్యా. సాయంత్రానికి ఇచ్చెయ్."

"పెళ్లికి బస్సులో వెళ్లండి మాస్టారూ." సీటు విప్పి కార్పెట్ ఎత్తి చూపించాడు. కింది ఫోము మొత్తం నీళ్లే. పక్కనుంచే వైర్ల కట్ట వెళ్తోంది. "ఇది ఆరకుండా పరిచేస్తే కనెక్టర్లకి పచ్చచిలుము పడుతుంది. ఎండ లేదు కాబట్టి రెండు రోజులు ఫ్యాను కింద ఉండాలి."

"మరి నాలుగు తలుపుల రబ్బర్లు?"

"డబ్బులు ఉంచుకోండి. వేపచెట్టు కింద పెట్టే బండి కదా, ఏటా వానలకి ముందు ఆ రంధ్రాలు తీయించండి చాలు." అంటూనే కారు చుట్టూ తిరిగి డ్రైవరు పక్క తలుపు పట్టుకుని ఊపాడు.

అందులోనూ గుడగుడ.

"ఒరేయ్, ఆ పుల్ల ఇటు తీసుకురా!"