విగ్రహం ఉన్న ఊరు, పుట్టిన ఊరు

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో జిమ్ థోర్ప్ అనే చిన్న పట్టణం ఉంది. ఒక ఆదివాసీ క్రీడాకారుని పేరే ఆ ఊరికి పెట్టారు. రోడ్డు పక్కన ఆయన రాతి సమాధి, కంచు విగ్రహాలు కనిపిస్తాయి. చూసినవాళ్లు అది ఆయన సొంతూరు అనుకుంటారు. కానీ ఆయన పుట్టింది అక్కడికి వెయ్యి మైళ్లకు పైగా దూరాన ఉన్న ఓక్లహామాలో, సాక్-ఫాక్స్ తెగలో, 1887లో. ఇంట్లో పెట్టిన పేరుకు 'వెలుగు దారి' అని అర్థం.

చదువు కోసం ఆయనను పెన్సిల్వేనియాలోని కార్లైల్ పాఠశాలకు పంపారు. ఆదివాసీ పిల్లల కోసం 1879లో పాత సైనిక స్థావరంలో తెరిచిన హాస్టల్ బడి అది. చేరిన పిల్లలకు జుట్టు కత్తిరించేవారు, పేర్లు మార్చేవారు, తల్లిభాష మాట్లాడితే శిక్షించేవారు. అక్కడ 180కి పైగా పిల్లలు చనిపోయారు.

ఆ బడి మైదానం నుంచే థోర్ప్ 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. ఐదు పోటీల పెంటాథ్లాన్, పది పోటీల డెకాథ్లాన్, రెండింటిలోనూ బంగారు పతకాలు గెలిచాడు. అమెరికా ఆదివాసులందరికీ పౌరసత్వం ఇచ్చే చట్టం వచ్చింది మాత్రం 1924లో!

1913లో ఆ పతకాలు లాక్కున్నారు. అంతకుముందు వేసవి సెలవుల్లో కొద్దిపాటి డబ్బు తీసుకుని బేస్‌బాల్ ఆడాడన్నది నేరం. అభ్యంతరం ఉంటే 30 రోజుల్లో చెప్పాలన్నది నియమం. ఆ గడువు దాటి నెలలు గడిచినా శిక్ష వేశారు. ఆయన 1953లో మరణించాడు. పతకాల నకళ్లు పిల్లల చేతికి వచ్చింది 1983లో. ఆ రెండు పోటీల్లో ఆయన ఒక్కడే విజేత అని ఒలింపిక్ సంఘం ఒప్పుకున్నది 2022లో.

చనిపోయాక ఇంకో అన్యాయం జరిగింది. ఓక్లహామాలో తెగ ఆచారం ప్రకారం అంత్యక్రియలు జరుగుతుండగా, మధ్యలోనే ఆయన మూడో భార్య దేహాన్ని తీసుకుపోయింది. ఆయనతో ఏ సంబంధమూ లేని రెండు పక్కపక్క ఊళ్లు 1954లో కలిసిపోయి, ఆయన పేరు పెట్టుకుని, దేహాన్ని ఉంచుకున్నాయి. యాత్రికులు వస్తారని వాటి ఆశ. సమాధి కింద ఓక్లహామా మట్టి తెచ్చి పోశారు. ఆయనను మాత్రం ఆ మట్టికి పంపలేదు.

తండ్రిని ఇంటికి పంపమని కుటుంబం వైపు నుంచి 2010లో కేసు వేశారు. 2013లో కింది కోర్టు వాళ్ల పక్షాన తీర్పు ఇచ్చింది. 2014లో పై కోర్టు దాన్ని కొట్టేసింది. 2015లో సుప్రీంకోర్టు వినడానికే ఒప్పుకోలేదు.

ఈ కథ మాకు దూరం కాదు. ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసే మేమూ పిల్లల ఇంటి పేరు పలకడం రాదని హాజరు పట్టీలో తేలికైన తెలుగు పేరు రాసినవాళ్లమే. పరుగులో గెలిచిన పిల్లకు చప్పట్లు కొట్టి, ఆమె అమ్మ ఏ భాష మాట్లాడుతుందో అడగనివాళ్లమే.

రేపు మన ఊళ్లలో కూడా మన క్రీడాకారులకు విగ్రహాలు లేస్తాయి. అప్పుడు యువకులు మూడు మాటలు పట్టుబట్టి అడగాలి: పలక మీద తెగ పెట్టిన పేరు ఉందా? కుటుంబాన్నీ ఊరి పెద్దలనూ అడిగారా? ఆ మనిషికి జరిగిన అన్యాయం రాశారా? ఉపాధ్యాయులుగా మా వంతు పని అంతకన్నా ముందే ఉంది. ఈ సంవత్సరం హాజరు పట్టీ తెరిచి, తప్పుగా రాసిన పేర్లు సరిదిద్దుదాం.