నెత్తురు నడచు త్రోవ



పాము కాలివ్రేలిని కరచిన కొంతసేపటికి కన్నురెప్పలు వాలిపోవుట మన మెఱిగినదే. వ్రేలికిని కంటికిని గల సంబంధమేమి? 1628 వఱకు ఐరోపా వైద్యులు దీనికి సరియైన సమాధానము చెప్పజాలరైరి.

క్రీ. శ. రెండవ శతాబ్దమున గేలెన్ అను గ్రీకు వైద్యుడు, కాలేయము ఆహారమునుండి ఎడతెగక నెత్తురును పుట్టించుననియు, అవయవములు దానిని పీల్చుకొని ఖర్చుచేయుననియు బోధించెను. పదునాలుగు శతాబ్దములు ఆ మాటయే ప్రమాణమై నిలిచెను.

ఆంగ్లేయ వైద్యుడగు విలియం హార్వే (1578–1657) ఆ మాటను లెక్కతో పరీక్షించెను. గుండె అరగంటలో వేయిసార్లకు మించి కొట్టుకొనును. ఒక్కొక్క పర్యాయము వెడలు నెత్తురు కొద్దిపాటిదే యనుకొన్నను, ఆ మొత్తము దేహమందలి నెత్తురంతటిని మించిపోవును. అంత నెత్తురును ఏ యాహారము పుట్టింపగలదు? కావున ఉన్న నెత్తురే ధమనులగుండ వెడలి, సిరలగుండ గుండెకు మరలుచుండవలెను. చేతికి కట్టు గట్టి, సిరలలోని కవాటములు నెత్తురును గుండెవైపునకే పోనిచ్చుటను ఆయన చూపెను. 1628లో ఫ్రాంక్‌ఫర్టున వెలువడిన తన గ్రంథమున, పాముకాటు విషము దేహమంతట వ్యాపించుటకు ఇదియే హేతువని సూచించెను.

పారిస్ పండితులు పలువురు చాలకాలము అంగీకరింపలేదు. ధమనులనుండి సిరలలోనికి నెత్తురు చేరు త్రోవ హార్వేకు కనబడలేదు. ఆయన మరణించిన నాలుగేండ్లకు, 1661లో, ఇటలీవాడగు మాల్పీగీ సూక్ష్మదర్శినితో కప్ప ఊపిరితిత్తులయందు వెండ్రుకకన్న సన్నని నాళములను చూచెను.

ఈ జ్ఞానము గ్రామమునకు ప్రాణప్రదము. కరచినచోట కోయుటయు, బిగించి కట్టుటయు హానికరములు. అవయవమును కదలనీయక, రోగిని నడిపింపక, వెంటనే వైద్యశాలకు మోసికొనిపోవలెను. అచ్చట సిరలోనికెక్కించు విషహరౌషధము, విషము పోయిన త్రోవనే పోయి దానిని పట్టుకొనును.