పదవి వదిలారు, మాట వదల్లేదు

యూనివర్సిటీల గొడవ బడిపంతుళ్ళకెందుకని మాలోనే కొందరు అంటారు. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో జరిగింది తెలిస్తే అలా అనరు.

ఆరు సూత్రాల పథకంలో ఇచ్చిన మాట ప్రకారం 1974లో పార్లమెంటు చట్టంతో వచ్చిన యూనివర్సిటీ అది. అక్కడ అంబేద్కర్ విద్యార్థి సంఘానికి చెందిన ఐదుగురు పరిశోధక విద్యార్థులను హాస్టల్ నుంచి బయటికి పంపారు. వాళ్ళు ఆరుబయట గుడారం వేసుకుని, దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టి అక్కడే ఉన్నారు. జనవరి 17న వారిలో ఒకరైన రోహిత్ వేముల ఆత్మహత్య చేసుకున్నారు. ఆ సంగతి దేశమంతటికీ తెలుసు. తర్వాత అక్కడి అధ్యాపకులు చేసిన పని మాత్రం తక్కువమందికి గుర్తుంది.

శిక్ష నిర్ణయించిన కమిటీకి ఒక సీనియర్ దళిత ప్రొఫెసరే నాయకత్వం వహించారని అప్పటి కేంద్ర మంత్రి చెప్పారు. ఎస్సీ, ఎస్టీ అధ్యాపకులు అది నిజం కాదన్నారు. కమిటీకి అధ్యక్షత వహించింది దళితుడు కాదు, దళిత అధికారి తన పదవి రీత్యా మాత్రమే అందులో ఉన్నారని వివరించారు. అంతటితో ఆగలేదు. పరీక్షల విభాగం వంటి పాలనా బాధ్యతల్లో ఉన్నవారు పలువురు ఆ పదవులు వదులుకున్నారు. పాఠం చెప్పే ఉద్యోగం మానలేదు.

ఈ తేడా మాకు బాగా తెలుసు. ఆశ్రమ పాఠశాలలో పాఠం, వార్డెన్ పని రెండూ తరచుగా ఒకరి మెడకే పడతాయి. పొద్దున లెక్కలు చెప్పి, సాయంత్రం బియ్యం బస్తాల లెక్క రాస్తాం. హాస్టల్‌లో లోపం ఉందని టీచరుగా చెప్పబోతే, వార్డెనువి నువ్వే కదా అంటారు. మాలో ఒకరు హాస్టల్ మంచినీళ్ళ గురించి పై అధికారికి రాస్తే, నీళ్ళ కంటే ముందు సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది.

హైదరాబాద్‌లోనూ మాటకు ధర పడింది. సెలవు మీద వెళ్ళిన వైస్ ఛాన్సలర్ మార్చి 22న తిరిగి వచ్చారు. నిరసన జరిగింది, ఆయన నివాసంలో సామాన్లు పగిలాయి. పగలగొట్టడాన్ని మేము సమర్థించం. కానీ ఆ రోజు ఇరవై మందికి పైగా విద్యార్థులతో పాటు ఇద్దరు అధ్యాపకులనూ అరెస్టు చేశారు. బెయిలు దొరికేదాకా జైల్లో ఉన్నారు. ఆ ఇద్దరినీ సస్పెండ్ చేసి, తర్వాత ఆ ఉత్తర్వు ఎత్తేశారు. ఢిల్లీ జేఎన్‌యూలో అయితే 2018 జూలైలో ఒకరోజు నిరసనలో పాల్గొన్నందుకు 48 మంది అధ్యాపకులకు మరుసటి ఏడాది ఛార్జిషీట్లు ఇచ్చారు. వాటికి ఆధారం ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమాలు.

ఆ నియమాలు 1964 నాటివి. మా మెడ మీదున్న రాష్ట్ర నియమాలూ ఆ ఏడాదివే. ఉన్నత విద్యా అధ్యాపకులు తాము పనిచేసే సంస్థ గురించి స్వేచ్ఛగా అభిప్రాయం చెప్పవచ్చని 1997లో యునెస్కో సిఫారసు చేసింది. బడి ఉపాధ్యాయులకూ పౌరహక్కులన్నీ ఉండాలని 1966 నాటి సిఫారసు చెబుతోంది. సిఫారసు చట్టం కాదు. మెమో రాసే చేతికి అందుబాటులో ఉండేది 1964 పుస్తకమే.

విజయనగరం జిల్లాలో 2019 నుంచి గిరిజన యూనివర్సిటీ ఉంది. ములుగులో సమ్మక్క సారక్క పేరిట మరొకదానికి 2023లో చట్టం వచ్చింది. మా దగ్గర అక్షరాలు దిద్దిన పిల్లలు రేపు అక్కడ అధ్యాపకులవుతారు. ఏదో ఒక కమిటీలో ‘ఎస్టీ సభ్యుడు’ అనే కుర్చీ వేసి పిలుస్తారు. కూర్చునే ముందు ఒక్క సంగతి అడగమని వాళ్ళకు చెబుతున్నాం: ఒప్పుకోని రోజున మా అసమ్మతిని మినిట్స్ పుస్తకంలో రాస్తారా?