ఎవరికీ తలవంచని గవ్వ

"నీ కథలకి చిల్లిగవ్వ రాలుతుందా?" అని మావారు వేళాకోళం చేసినప్పుడల్లా నాకొక గవ్వ గుర్తొస్తుంది. అది చిల్లిగవ్వ కాదు సుమండీ! ఒకప్పుడు ఒక మహాచిత్రం కన్నా ఎక్కువ ధర పలికిన గవ్వ.

కరేబియన్ సముద్రంలో బతికే ఒక చిన్న నత్త గుల్ల అది. బొటనవేలంత పొడవు, శంకువు ఆకారం. నారింజ రంగు మీద తెల్లని మచ్చలు, పూసలు గుచ్చినట్టు చుక్కల వరుసలు. దాన్ని లాటిన్‌లో 'సెడో నల్లి' అన్నారు. 'ఎవరికీ తలవంచను' అని అర్థం. 1767లో లిన్నేయస్ ఆ పేరునే శాస్త్రగ్రంథానికి ఎక్కించాడు.

ఆ రోజుల్లో హాలెండ్ శ్రీమంతులకి గవ్వల పిచ్చి. మనకి పట్టుచీరల బీరువా ఎలాగో వాళ్ళకి గవ్వల సొరుగులు అలాగ. హేగ్ నగరంలో లియోనె అని ఒక లాయరుగారు. ఒక్క గొంగళిపురుగు శరీరం గురించే పెద్ద గ్రంథం రాసిన మనిషి. ఆయన దగ్గర ఈ గవ్వా ఉండేది, వెర్మీర్ గీసిన చిత్రమూ ఉండేది. నీలం రంగు చొక్కా తొడుక్కున్న ఒకావిడ నిలబడి, లోకం మరిచి ఉత్తరం చదువుకుంటూ ఉంటుంది అందులో. 1789లో ఆయన పోయాక ఆ సేకరణలన్నీ వేలానికొచ్చాయి. ఆవిడకి 43 గిల్డర్లు. గవ్వకి అంతకు ఐదింతల పైమాటే! ఆ చిత్రం ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉంది. దానికిప్పుడు ధర కట్టేదెవరు?

ఇంత అందమైన ఇంట్లో కాపురం ఉండేది విషజీవి. ఈ శంకు నత్తల పన్ను బోలుగా, బల్లెంలా ఉంటుంది. దాన్ని విసిరి, విషం ఎక్కించి పురుగునో చేపనో పట్టుకుంటాయి. వాటిలో కొన్ని జాతులు మనిషిని కూడా చంపగలవు.

ఆ సంగతి యూరప్‌కి మొదట చెప్పినవారిలో రంఫియస్ ఒకడు. డచ్చి కంపెనీ ఉద్యోగిగా అంబోన్ దీవిలో బతికాడు. 1670లో చూపు పోయినా పుస్తకం ఆపలేదు. అది ఆయన పోయాక, 1705లో అచ్చయింది. జాజికాయలు పండే బాందా దీవుల్లో, వల లాగే వేళ, ఒక బానిస స్త్రీ ఇలాంటి గవ్వనొకదాన్ని చేత్తో పట్టుకుందట. చేతిలో కొంచెం దురద. అది పైకి పాకింది. అంతే, ప్రాణం పోయింది.

1674 భూకంపంలో పోయిన తన భార్య సుసానా పేరు ఒక తెల్లని పూవుకు పెట్టుకున్నాడు రంఫియస్. ఈ తల్లి పేరు మాత్రం ఎక్కడా రాయలేదు. బానిసకి పేరెందుకు అనుకున్నారేమో!

ఆ విషమే ఈనాడు మందైంది. ఒక శంకు నత్త విషాన్ని చూసి తయారుచేసిన మందుకు 2004లో అమెరికా అనుమతి ఇచ్చింది. వేరే మందులకి లొంగని నొప్పికి, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కిస్తారు.

గవ్వకి ధర కట్టారు, పేరు పెట్టారు. విషానికి కూడా విలువ తెలిసింది. ఆ వల దగ్గరి మనిషికి మాత్రం మిగిలింది ఒక్క వాక్యం. ఈసారి మావారు చిల్లిగవ్వ మాటెత్తితే, ఆ వాక్యమే చదివి వినిపిస్తాను.